తిరగేసిన సెల్లు

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు దశరథ్ మణెమ్మ బండి ముందు రెండో చాయ్ తాగుతున్నాడు. మొదటిది నిద్రమత్తు వదలడానికి తాగాడు, రెండోది మెట్లెక్కే ఓపిక కోసం. నాలుగు గంటలకు జేమ్స్‌ను కోర్టులో నిలబెడతారు. నిలబెట్టాక సంగారెడ్డి జైలుకు పంపడానికి ఒక సంతకం చాలు. వకీలు మత్తయి పొద్దున ఫోన్‌లో అన్నది రెండే ముక్కలు. "నాలుగు లోపల ఏమన్న పట్టుకరా దశరథ్. మాటలొద్దు, చేతుల పెట్టేది కావాలె."

చేతిలో పెట్టేది. దశరథ్ ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. పద్దెనిమిదేళ్లు భూముల సర్వేలో గొలుసు పట్టాడు. గొలుసు పోయి టేపు వస్తే టేపు పట్టాడు. ఆకాశంలోంచి కొలిచే మిషన్ వచ్చిన రోజున "ఇగ నువ్వు పో" అన్నారు, పోయాడు. యాభై మూడేళ్ల వయసులో ఇప్పుడు వకీళ్ల కోసం ఊరంతా తిరిగి నిజం ఏరుకొస్తున్నాడు. ఆ పనిలోనూ పేరు వకీళ్లదే, అరిగేది తన చెప్పులు.

కేసు చూడటానికి చిన్నది. బుధవారం సాయంత్రం, ఎరువుల దుకాణం పైనున్న ట్యూషన్ గదిలో లెక్కల లెక్చరర్ ప్రేమదాసు తల పగిలి చచ్చిపడ్డాడు. గదికి ముందు మణెమ్మ బండి పక్కకు దిగే సిమెంటు మెట్లు, వెనక గోదాము సందులోకి దిగే ఇనుప మెట్లు. ఐదు నలభై రెండుకు ప్రేమదాసు ఫోన్ నుంచి పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక లెక్కకు జవాబు పడింది. ఐదు యాభైకి జేమ్స్ ముందు మెట్లెక్కాడు. ఐదు యాభై ఐదుకు చెప్పులు పైనే వదిలేసి కిందికి ఉరికాడు. ఐదు నలభై రెండుకు బతికున్న మనిషి ఐదు యాభై ఐదుకు చచ్చాడంటే చంపింది ఇంకెవరు? పోలీసుల కథ అంతే. జేమ్స్ ఏమో తాను వెళ్లేసరికే పంతులు చచ్చిపడి ఉన్నాడంటున్నాడు. రక్తం చూసి ఉరికినవాడి మాట ఎవడు వింటాడు?

"మణెమ్మా, బుధవారం మల్లొకసారి చెప్పు. ఎవరెవరు ఎక్కిండ్రు, ఎవరెవరు దిగిండ్రు."

మణెమ్మ మిర్చి పిండిలో ముంచుతూనే ఉంది. "మొన్న ఎస్సైకి చెప్పిన. నిన్న పేపరోనికి చెప్పిన. ఇయ్యాల నీకు. నా నోరేమన్న రికార్డా బిడ్డా?"

"నాకు జర నిమ్మలంగ చెప్పు. నేను చదువుకున్నోణ్ణి గాదు."

"చదువుకున్నోళ్లకు చెప్తెనే గిట్లయింది." ఆమె చేతులు తుడుచుకుంది. "నాలుగున్నరకు సర్వేయర్ సంగమేశ్వర్ సాబ్ ఎక్కిండు. ఐదు దాటి పది నిమిషాలకు దిగిండు. కంగ్టి బస్సు అప్పుడే కదిలింది, అందుకే యాదున్నది. 'బస్సు పోయిందా మణెమ్మా' అని నన్నే అడిగి బస్టాండ్ దిక్కు పోయిండు. అటెన్క ఆరు కొట్టంగ నీ జేమ్స్."

సంగమేశ్వర్ పేరు దశరథ్‌కు కొత్తది కాదు. ఆ పద్దెనిమిదేళ్లూ గొలుసు పట్టింది ఆయన దగ్గరే. "ఇగ నువ్వు పో" అన్న నోరు కూడా ఆయనదే.

"నడుమల ఏమన్న సప్పుడు?"

"కుర్చీ జరిపినట్లు ఒకటి. పంతులు కుర్చీ జరపడా ఏంది?"

"పైకి చాయ్ ఎప్పుడు పంపినవ్?"

మణెమ్మ చెయ్యి ఆగింది. "పంపలే."

"ఎందుకు పంపలే?"

"అడగలే గదా. రోజు ఐదున్నరకు కిటికీ సువ్వల మీద డస్టర్‌తోని మూడు దెబ్బలు కొడ్తడు. నేను పంపిస్త. పదకొండేండ్లు బిడ్డా. జరమొచ్చినా కొట్టిండు. ఆయన పెండ్లినాడు కూడ కొట్టిండు. బుధవారం కొట్టలే. పనిల పడి మరిసిండనుకున్న."

"ఎస్సైకి చెప్పినవా?"

"ఆయన అడిగింది పైకి పోయినోళ్ల గురించి. చాయ్ పైకి పోలే గదా."

దశరథ్ గ్లాసు కింద పెట్టాడు. ఐదున్నరకు మూడు దెబ్బలు లేవు. ఐదు నలభై రెండుకు జవాబు ఉంది. పదకొండేళ్ల అలవాటు మరిచిపోయిన మనిషి, పిల్లలకు ఫోటో పంపడం మాత్రం మరవలేదన్నమాట.

పైన గది తలుపు దగ్గర గ్లోరీ నిలబడి ఉంది. జేమ్స్‌కు అక్క, ప్రేమదాసు పనిచేసిన కాలేజీలోనే ఫిజిక్స్ చెబుతుంది. రెండు రోజులుగా ఏడ్చి, ఇక ఏడవడానికేమీ మిగలక, ముఖం ఎండిపోయినట్టుంది. లోపల ఎస్సై నర్సింగ్ ఇస్త్రీ మడత నలగకుండా గోడకు దూరంగా నిలుచున్నాడు. ముప్పై రెండేళ్లవాడు. ఈ కేసు రెండు రోజుల్లో తేల్చాడని పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పును ఎవడో గొలుసు పట్టేవాడు వచ్చి గీకుతుంటే ఆయనకు దురదగా ఉంది.

"ఇరవై నిమిషాలు," అన్నాడు వాచీ చూసుకుని. "వకీలు అర్జీ పెట్టిండని ఇస్తున్న. ఏం చూస్తవో చూడు. చదువు లేకపోయినా కండ్లున్నయి గదా."

"ఉన్నయి సార్. గవే మిగిలినయి."

నేల మీద సున్నపు గీత, ప్రేమదాసు పడిన చోటు. వెనక తలుపు వైపు తల, బల్ల వైపు కాళ్లు. బల్ల మీద చాక్‌పీసుల డబ్బా, డస్టర్, ఒక ఇనుప స్కేలు, నల్ల తొడుగులో ఏదో పరికరం. గోడకు ఫ్యాను రిమోటు. వెనక తలుపు గొళ్లెం తీసే ఉంది.

"తల పగలగొట్టిన రాయి ఏడిది సార్?"

"వెనక తలుపుకు అడ్డం పెట్టే గ్రానైటు ముక్క. సీజ్ చేసినం."

దశరథ్ ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా పాదానికి పాదం ఆనిస్తూ అడుగులేశాడు. గొలుసు పట్టినవాడి అడుగు కొలతకు ఒక అంగుళం అటూ ఇటూ పోదు. "పద్నాలుగు. జేమ్స్ ముందు తలుపులకెళ్లి వచ్చిండు. పంతులుతోని మాట మాట పెరిగింది. కోపమొచ్చింది. చేతికందేట్లు బల్ల మీద ఇనుప స్కేలున్నది. అది ఇడిసిపెట్టి, పంతులును దాటి పోయి, వంగి, వెనక తలుపు కాడి రాయి తెచ్చి కొట్టిండా?"

"కోపమొచ్చినోడు కొలుసుకుంట నడుస్తడా?"

"అదే నేననేది సార్. వెనక తలుపులకెళ్లి వచ్చినోనికి ఆ రాయి మొదటి అడుగులనే తగుల్తది."

నర్సింగ్ నవ్వాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగింది. "వెనక నుంచి వచ్చినోణ్ణి ఎవరు చూసిండ్రు? ఎవరు చూడలే. ముందు నుంచి వచ్చినోణ్ణి ఊరంత చూసింది. ఐదు నలభై రెండుకు మనిషి బతికే ఉన్నడు, ఫోన్ చెప్తుంది. నీ పద్నాలుగు అడుగులు జడ్జికి చెప్పు, చాయ్ తాపి పంపిస్తడు."

గ్లోరీ అప్పటిదాకా ఆపుకున్న మాట తీసింది. "నిన్న కూడ చెప్పిన సార్. ఐదు నలభై రెండుకు పంపిన జవాబు తప్పు."

"అందరు తప్పులు చేస్తరమ్మా."

"గా లెక్క ఆయన తప్పు చెయ్యడు."

దశరథ్ ఆమె వైపు తిరిగాడు. "ఏం లెక్క చెల్లె? నాకు తెలిసేట్లు చెప్పు."

గ్లోరీ ఫోన్ తీసి చూపింది. ప్రేమదాసు అలవాటు ఇది: పిల్లలకు ఐదు లెక్కలిస్తాడు. జవాబులు చేత్తో రాయడు, గీతలు గీసే తన పెద్ద క్యాలిక్యులేటర్ మీద చేసి, ఆ తెరను ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. ఐదు నలభై ఐదు దాటినా ఏదైనా జవాబు రాకపోతే ఎదురుగా ఉన్న హాస్టల్ నుంచి పిల్లలు పైకి రావాలి. అది ఆయన పెట్టిన నియమం. బుధవారం మొదటి మూడు జవాబులు ఐదూ ఐదు లోపల పడ్డాయి. నాలుగోది ఐదు ముప్పై ఎనిమిదికి, ఐదోది ఐదు నలభై రెండుకు.

"ఐదో లెక్క సైన్ గీతది అన్నా. సున్న నుంచి పై దాక, అంటే మూడు పాయింట్ ఒకటి నాలుగు దాక, గా గీత గుట్ట తీర్గ లేస్తది, మల్ల దిగుతది. గుట్ట కింద జాగ ఎంత అన్నది లెక్క. సరిగ్గ రెండు. ప్రతి బ్యాచికి ఆయన బోర్డు మీద రాసే మొట్టమొదటి లెక్క ఇదే. నిద్రల లేపి అడిగినా రెండంటడు. గీ ఫోటో చూడు."

ఫోటోలో సున్నా పాయింట్ సున్నా ఎనిమిది ఆరు ఒకటి అని ఉంది. దాని కింద ఐదు నలభై నాలుగుకు ఒక పిల్ల పెట్టిన ప్రశ్న: సార్, రెండు కదా? దానికి బదులు లేదు.

"గా క్యాలిక్యులేటర్ ఏడున్నది?"

గ్లోరీ నల్ల తొడుగు చూపింది. నర్సింగ్ చేయి ఊపాడు. "ఖరాబైన డబ్బా అది. బటన్ ఒత్తితే లేస్తలేదు. అందుకే సీజ్ కూడ చెయ్యలే."

"బుధవారం మూడున్నరకు స్టాఫ్ రూంల నేనే వాడిన సార్. మంచిగున్నది. ఐదు నలభై రెండుకు ఫోటో తీసేదాక మంచిగున్నది. అప్పుడే ఎట్ల ఖరాబైతది?"

"సెల్లులు అయిపోయినయేమో."

దశరథ్ జేబురుమాలు తీసి తొడుగు మీద వేశాడు. "దీని మూత మీవోళ్లు ఎవరన్న తీసిండ్రా సార్?"

"పంచనామాల ఎక్కని సామాన్ల మూతలు తీసుకుంట కూసోనికె మాకేం పని లేదా? ఎవ్వడు ముట్టలే."

"మంచిది. ఈ మాట యాదుంచుకోండ్రి."

జేబురుమాలుతో పట్టుకుని వెనక మూత జరిపాడు. నాలుగు సన్న సెల్లులు. మూడు ఉండాల్సినట్టే ఉన్నాయి. నాలుగోది తల కిందికి, అడుగు పైకి తిరిగి ఉంది.

దశరథ్ కళ్ల ముందు ఒక్కసారిగా పాత ఎండ కాసింది. జొన్న చేలు, హద్దు రాళ్లు, సాయంత్రం సామాను సర్దే వేళ. సంచిలో బటన్ ఒత్తుకుపోయి సెల్లులు అయిపోతాయని, పని కాగానే ఒక సెల్లును గోటితో లేపి తిరగేసి పెట్టే చెయ్యి. పద్దెనిమిదేళ్లు చూశాడు ఆ చేతిని. పేరు మనసులోకి రాబోతుంటే పక్కకు నెట్టాడు. ఒక్క అలవాటు ఇద్దరికి ఉండకూడదా ఏం?

"చెల్లె, పంతులు గిట్ల పెడ్తుండెనా?"

గ్లోరీ వంగి చూసింది. "లేదు. సెల్లులు అయిపోయినంకనే మూత తీసెటోడు. ఇట్ల ఎవరు పెడ్తరు?"

"పెట్టేటోళ్లు పెడ్తరు." దశరథ్ గోడకున్న ఫ్యాను రిమోటు తీసి, దాని సెల్లు ఒకటి బయటికి తట్టాడు. తిరగేసి ఉన్న సెల్లును చాక్‌పీసు ముక్కతో లేపి, వేలు తగలకుండా చాక్ డబ్బాలోని కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దాని చోట రిమోటు సెల్లు సరిగా పెట్టి బటన్ ఒత్తాడు. తెర వెలిగింది.

నర్సింగ్ గోడకు దూరం మరచి దగ్గరికి వచ్చాడు. "ఏంది గది?"

"మీ ఖరాబైన డబ్బా సార్." దశరథ్ దాన్ని గ్లోరీ ముందు పెట్టాడు. "చెల్లె, లెక్క తప్పొస్తె మీరు ఏం జేస్తరో అది చెయ్యి. వరుసగ, నాకు చెప్పుకుంట."

గ్లోరీ కూర్చుంది. క్యాలిక్యులేటర్‌ను దగ్గరికి లాక్కుంది. పని దొరికితే మనిషి నిలదొక్కుకుంటాడు, ఆ సంగతి దశరథ్‌కు తెలుసు. పని లేనప్పుడు ఏమవుతాడో కూడా తెలుసు.

"మొదలు హద్దులు చూస్తం. కింద సున్న, మీద పై. సరిగ్గనే ఉన్నయి. రెండోది బ్రాకెట్లు. మూసినట్లు ఉన్నయి. మూడోది, ఎక్స్ అని కొట్టాల్సిన కాడ ఇంకో అక్షరం పడితె దాంట్ల పాత సంఖ్య ఏదో ఉంటది, జవాబు పాడైతది. అది కూడ లేదు, ఎక్స్ అనే కొట్టిండ్రు. మరి గీత చూద్దాం." ఒక బటన్ ఒత్తింది. తెర మీద గుట్ట రావాల్సిన చోట, అడుగున నేలకు అంటుకుని ఒక గీత పడుకుని ఉంది. గ్లోరీ ఇంకో బటన్ ఒత్తింది. అక్షరాల వరుస వచ్చింది. ఒకచోట వేలు ఆగింది.

"డిగ్రీలు," అంది మెల్లగా.

"అంటే?"

"కోణాన్ని రెండు తీర్ల కొలుస్తరన్నా. ఇంటిగ్రేషన్‌కు రేడియన్లలో ఉంచాలె. ఇది డిగ్రీలల్ల ఉన్నది. రేడియన్లల్ల మూడు పాయింట్ ఒకటి నాలుగు అంటే గుట్ట ఆ కొస. డిగ్రీలల్ల ఆ కొసకు పోవాల్నంటే నూటెనభై. గీ మిషన్ మూడు డిగ్రీలే అనుకున్నది."

దశరథ్ కళ్లు మూసుకుని చూశాడు. అతనికి అర్థమయ్యే లెక్క అదొక్కటే, నడక లెక్క. "నూటెనభై అడుగులు నడిచి గుట్ట దాటాల్సినోడు మూడడుగులకే నిలబడ్డడు. గుట్ట ఎక్కనే లేదు. ఆ మూడడుగుల కింది జాగ కొలిచి ఇగ అయిపోయిందన్నడు."

"సరిగ్గ గంతే."

"నాలుగో లెక్క మంచిగెట్ల వచ్చింది మరి?"

"దాంట్ల సైన్ లేదు, కొసైన్ లేదు. ఉత్త ఎక్స్‌లే. డిగ్రీలు పెట్టినా, రేడియన్లు పెట్టినా దానికి ఫరక్ పడది. మూడోది మాత్రం కొసైన్ లెక్క. అది ఐదూ ఐదుకు పంపిండు, సరిగ్గ ఉన్నది."

"అంటే ఐదూ ఐదుకు రేడియన్లు. ఐదు నలభై రెండుకు డిగ్రీలు. నడుమల ఎవరో మార్చిండ్రు."

నర్సింగ్ గొంతు సవరించుకున్నాడు. "ఎవరో ఏంది? పంతులే తప్పు ఒత్తిండు."

"ఇరవై ఏండ్ల సంది ఆయన దీన్ని రేడియన్ల మీదికెళ్లి కదిలించలే సార్. పిల్లలు మారిస్తె మార్కులు కోసిండు," అంది గ్లోరీ. "సరే, తప్పే ఒత్తిండనుకుందాం. సున్న పాయింట్ సున్న ఎనిమిది చూసి ఆయన ఊకుంటడా? రెండు రావాల్నని తెలిసినోడు?"

"ఐదున్నరకు చాయ్ కోసం సువ్వలు కొట్టలే," అన్నాడు దశరథ్. "పదకొండేండ్లల్ల మొదటిసారి. మణెమ్మను అడగండ్రి. ఐదున్నరకే పంతులు లేడు సార్. చంపినోడు ఇంక గదిల్నే ఉన్నడు, ఏదో దేవులాడుతుండు. ఫోన్‌కు తాళం లేదు. గ్రూపుల పిల్లలు జవాబులు అడుగుతుండ్రు. నలభై ఐదు దాటితే పైకొస్తరు. అందుకని శవం పక్కన కూసొని రెండు లెక్కలు చేసి పంపిండు. లెక్కలు రానోడు కాదు. ఇంటిగ్రల్ కొట్టుడు తెలుసు. గాని చెయ్యి అలవాటు కొద్ది డిగ్రీలు పెట్టింది. పని అయినంక అలవాటు కొద్ది సెల్లు తిరగేసింది. ఐదు యాభైకి జేమ్స్ మెట్లెక్కిన సప్పుడు విని వెనక నుంచి దిగిండు."

నర్సింగ్ వంగి తెర చూశాడు. మెప్పు చేతిలోంచి జారిపోతుంటే మనిషి ముఖం ఎలా ఉంటుందో దశరథ్ చూశాడు. సంతోషమేమీ కలగలేదు.

"కోర్టుల డిగ్రీలు, రేడియన్లు అంటే నవ్వుతరు," అన్నాడు నర్సింగ్.

"వేలిముద్ర అంటే నవ్వరు." దశరథ్ చొక్కా జేబు తట్టాడు. "సెల్లు మీద పంతులు వేలిముద్ర ఉంటే జేమ్స్‌ను మీరే ఉంచుకోండ్రి. వేరేది ఉంటే?"

"క్లూస్ టీం సోమవారం వస్తది."

"కోర్టు నాలుగింటికి సార్."

"నాకు నేర్పకు." ఆయన ఫోన్ మోగింది. చూసుకుని తలుపు వైపు నడిచాడు. "పది నిమిషాలల్ల వస్త. ఆ సెల్లు నాకియ్యాలె, రాసి తీసుకుంట. ఇంకోటి, గది నక్ష గియ్యనీకె సర్వేయర్ వస్తుండు. మేమే పిలిచినం. నీ పాత సాబే, సంగమేశ్వర్. అడ్డం రాకు."

మెట్ల మీద బూట్లు దిగిపోయాయి. పక్కకు నెట్టిన పేరు తనంత తాను వచ్చి బల్ల మీద కూర్చుంది.

కల్హేర్ దిక్కు ఒక పొలం యాదికొచ్చింది. సాబ్ క్యాలిక్యులేటర్‌తో ఎవడో ఆడుకుని, రేడియన్లలో పెట్టి ఇచ్చాడు. సాబ్ చూడలేదు. హద్దు రాయి పక్కవాడి జొన్నలో పడింది. వాళ్లు కట్టెలు పట్టుకొచ్చారు. సాబ్ మీద పడాల్సిన దెబ్బ దశరథ్ నుదుటి మీద పడింది, ఆ గీత ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి సాబ్ ఏ క్యాలిక్యులేటర్ చేతికొచ్చినా ముందు డిగ్రీలు పెడతాడు. చూడకుండానే పెడతాడు. ఊపిరి తీసుకున్నట్టు పెడతాడు.

"చెల్లె, గదిల ఏమన్న సామాను తక్కువున్నదా?"

"పొడుగు నోట్‌బుక్ లేదు. సిర్గాపూర్ గుట్టది." గ్లోరీ గొంతు తగ్గించింది. "గుట్టను తవ్వి మొరం తీసుకపోతుండ్రు గదా. తవ్వింది ఎంతో ఎవరు చెప్తలేరని సార్ గుంతను అడ్డంగ కొలిచి, గీతలు గీసి, ఇంటిగ్రేషన్ చేసిండు. పర్మిషన్ కాగితంల ఉన్నదానికి ఆరింతలు తవ్విండ్రంట. మా జేమ్స్ టిప్పర్ తోలింది ఆడనే. ఎన్ని ట్రిప్పులు తోలిండో సార్‌కు చెప్పింది వాడే. పేరు రాయకుమని బతిలాడనీకె బుధవారం వచ్చిండు."

"తక్కువ తవ్విండ్రని కొలిచి సంతకం పెట్టింది ఎవరు?"

"ఏమో. ఆ నోట్‌బుక్‌ల ఉండె. నోట్‌బుక్ పోతె పోయింది గాని, గుంత గీతలు ఇంక దీంట్లనే ఉన్నయన్నా." ఆమె బటన్లు ఒత్తింది. ఒకదాని కింద ఒకటి వంకర గీతలు లేచాయి. "సెల్లు తిరగేసినా పోలే. జ్ఞాపకానికి లోపల వేరే బిళ్ల సెల్లు ఉంటది."

ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వెనక వైపు నుంచి.

సంగమేశ్వర్ వెనక తలుపులోంచి లోపలికి వచ్చాడు. అరవైకి దగ్గర మనిషి, తెల్ల చొక్కా, భుజానికి పాత క్యాన్వాస్ సంచి. ముందు మెట్లు ఎందుకెక్కలేదో ఎవరూ అడగలేదు.

"ఏమ్రా దశరథా, పోలీసోళ్ల పనిల కూడ తలకాయ పెట్టినవా?" సంచి దించి స్టీలు టేపు తీశాడు. దాని కొస దశరథ్ వైపు చాచాడు. "పట్టు."

దశరథ్ పట్టుకున్నాడు. మనసు చెప్పకముందే చెయ్యి పట్టుకుంది. ముందు తలుపు దాకా నడిచి కొసను గడపకు ఆనించాడు. సాబ్ వెనక తలుపు దగ్గరే నిలబడ్డాడు. మధ్యలో బల్ల, బల్ల దగ్గర గ్లోరీ.

"ఆనిచ్చినవా?"

"ఆనిచ్చిన, సాబ్."

"పద్నాలుగు అడుగుల రెండంగుళాలు. మీటర్లల్ల రాయాలె." సంగమేశ్వర్ టేపును మోకాలికి నొక్కిపట్టి, సంచిలోంచి తన క్యాలిక్యులేటర్ తీశాడు. వెనక మూత జరిపాడు. బొటనవేలి గోటితో ఒక సెల్లు లేపి, తిప్పి, సరిగా పెట్టాడు. మూత వేశాడు. కళ్లు దశరథ్ మీదే ఉన్నాయి, వేళ్లు మాత్రం వాటంతట అవే మూడు బటన్లు ఒత్తాయి.

గ్లోరీ అది చూసింది. దశరథ్ చూడొద్దన్నట్టు తల కదిపాడు, కానీ ఆలస్యమైంది.

"సార్," అంది గ్లోరీ, క్లాసులో పిల్లవాణ్ణి లేపినట్టు మామూలు గొంతుతో. "మా దాంట్ల ఏదో తప్పొస్తుంది. మీ దాంట్ల సైన్ మూడు పాయింట్ ఒకటి నాలుగు ఎంతొస్తదో జర చెప్తరా?"

ఆయన ఒత్తాడు. తన పరికరం మీద ఎప్పుడూ గర్వమే ఆయనకు. "సున్న పాయింట్ సున్న ఐదు..."

అక్కడ ఆగిపోయాడు. బల్ల మీద వెలుగుతున్న తెర ఆయన కంట పడింది. చచ్చిపోయిన పరికరం మీద గుంత గీతలు బతికి ఉన్నాయి. తర్వాత ఆయన చూపు దశరథ్ చొక్కా జేబు మీదికి, అందులోంచి కనిపిస్తున్న చాక్ డబ్బా కాగితం మీదికి పోయింది. పద్దెనిమిదేళ్లు కలిసి నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కింద జీపు స్టార్టయింది. పది నిమిషాల్లో వస్తానన్న నర్సింగ్ ఎటో వెళ్లిపోతున్నాడు. జీపు చప్పుడు మెల్లగా దూరమైంది.

సంగమేశ్వర్ ఎడమ చేతిని వెనక్కి పోనిచ్చి, చూడకుండానే తలుపు గొళ్లెం పెట్టాడు. సంచిలోకి కుడి చెయ్యి పెట్టాడు. హద్దు రాళ్లు పాతే ఇనుప సుత్తి ఆ సంచిలో ఏ మూల ఉంటుందో దశరథ్‌కు తెలుసు. పద్దెనిమిదేళ్లు దాన్ని సర్దింది తనే.

"దశరథా," అన్నాడు సాబ్. గొంతు కూడా పెంచలేదు. "గట్టిగ పట్టుకో. వదలకు. ఇంక కొలత అయిపోలే."

ఆ మాట చెవిన పడితే ఎండలోనైనా, వానలోనైనా, నుదుట నెత్తురు కారుతున్నా దశరథ్ చెయ్యి వదిలేది కాదు.

ఇప్పుడు వదిలేశాడు. స్టీలు టేపు బుస్సుమని పద్నాలుగు అడుగులూ వెనక్కి దూసుకుపోయి సాబ్ మోకాలి మీద తెగేట్టు కొట్టింది. ఆయన వంగిన ఆ ఒక్క క్షణంలో దశరథ్ బల్ల దగ్గరికి ఉరికి డస్టర్ అందుకుని కిటికీ సువ్వల మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

కింద మణెమ్మ చేతిలోని గరిటె నూనెలో పడింది. చచ్చిపోయిన పంతులు పైనుంచి చాయ్ అడుగుతున్నాడు.